లెడ్జర్ కాంట్రాక్టులు చూపించే వెబ్ అప్లికేషన్: ఈరోజు పంపిన లింకు రేపటికి పనిచేయడం లేదు

చిట్టాపద్దు

డామెల్ (ఒప్పందాలను కోడ్‌గా రాసే భాష) లెడ్జర్ మీద, అంటే పలు పార్టీలు పంచుకునే చిట్టా మీద, నడిచే ఒక ఇన్వాయిస్ వ్యవస్థకు ఎనిమిది నెలలుగా వెబ్ అప్లికేషన్ కడుతున్నాను. పని చిన్నదే అనుకున్నాను. లెడ్జర్‌లో ఉన్న కాంట్రాక్టులన్నీ ఒక పట్టికలో కనిపించాలి, ఒకదాన్ని నొక్కితే వివరాలు తెరుచుకోవాలి, దాని మీద నడపగలిగిన చాయిస్‌లకు (ఆమోదం, గడువు మార్పు లాంటి చర్యలకు) బటన్లు ఉండాలి. వెబ్ తెరలు కట్టే రియాక్ట్ లైబ్రరీతో రెండు వారాల్లో తయారైంది. రెండు వందల కాంట్రాక్టులు పెట్టి చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు అసలు వాడకంలో నలభై వేలు దాటాయి. పేజీ తెరిచిన ప్రతిసారీ జేసన్ ఏపీఐని (వెబ్ ద్వారా లెడ్జర్‌తో మాట్లాడే దారిని) అడిగి మొత్తం తెచ్చుకుంటున్నాను. ఇరవై సెకన్ల పాటు తెర తెల్లగా నిలబడిపోతోంది. దాన్ని ఎలాగో భరించవచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది. ఒకరు కాంట్రాక్టు పేజీ లింకును తోటి ఉద్యోగికి పంపుతారు, ఆయన మరునాడు తెరిస్తే "ఈ కాంట్రాక్టు లేదు" అని వస్తుంది. వెంటనే డేటా పోయిందని ఫిర్యాదు. నిజానికి ఏమీ పోలేదు, మధ్యలో ఎవరో గడువు తేదీ మార్చారు, అంతే. ఈ మాట వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియడం లేదు, తెర మీద ఎలా సరిచేయాలో అసలే తెలియడం లేదు. ఇలాంటివి కట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బొంగరం

లింకు బాగానే ఉంది. కాంట్రాక్టే మరో జన్మ ఎత్తింది.

గుమస్తా_గిరి

బొంగరం నవ్వులాటకు అన్నా విషయం అదే. మీరు లెడ్జర్‌ను డేటాబేస్ పట్టికలా చూస్తున్నారు. పట్టికలో వరుసలోని వివరాలు మారతాయి, వరుస సంఖ్య మారదు. డామెల్‌లో కాంట్రాక్టు ఒకసారి పుట్టాక అందులో ఒక్క అక్షరం కూడా మారదు. గడువు మార్చే చాయిస్ నడిపితే పాత కాంట్రాక్టు ఆర్కైవ్ అవుతుంది (ఇక చెల్లదు), కొత్త గడువుతో మరొకటి కొత్త ఐడీతో పుడుతుంది. మీ వినియోగదారుడి మనసులో ఉన్న "ఇన్వాయిస్" ఒక్కటే, లెడ్జర్‌లో మాత్రం అది ఒకదాని వెనుక ఒకటిగా నడిచే కాంట్రాక్టుల వరుస. మీరు ఆ వరుసలో ఒక పూసను పట్టుకుని దానికే చిరునామా రాశారు.

లింకులో కాంట్రాక్టు ఐడీ తీసేయండి. ఇన్వాయిస్ సంఖ్య పెట్టండి. పేజీ తెరిచినప్పుడు ఆ సంఖ్యతో ప్రస్తుతం బతికి ఉన్న కాంట్రాక్టు ఏదో వెతికి చూపించండి.

చిట్టాపద్దు

ఇన్వాయిస్ సంఖ్య టెంప్లేటులో (కాంట్రాక్టులు పుట్టే నమూనా కోడ్‌లో) మామూలు ఫీల్డుగా ఉంది. దాన్ని కాంట్రాక్టు కీగా (లెడ్జర్ తానే కాంట్రాక్టును వెతకగలిగే గుర్తుగా) మార్చాలా?

గుమస్తా_గిరి

అక్కర్లేదు. కీ ఉంటే లెడ్జర్ వైపు సౌకర్యమే, కానీ కీల మద్దతు అన్ని వెర్షన్లలో ఒకేలా లేదు. మీ వెతుకులాటను దాని మీద ఆధారపెడితే వెర్షన్ మారిన రోజు మళ్ళీ ఇక్కడికే వచ్చి ప్రశ్న అడుగుతారు. ఫీల్డుగానే ఉండనివ్వండి, మీ వైపు దానికి ఇండెక్స్ పెట్టుకోండి.

ఆరో_అంకె

ఒక్క చేర్పు. ఇన్వాయిస్ సంఖ్య ఒక్కటే సరిపోదు. ఇద్దరు వేర్వేరు జారీదారులు ఒకే సంఖ్యతో ఇన్వాయిస్‌లు రాసుకోవచ్చు, లెడ్జర్ అడ్డుచెప్పదు. జారీ చేసిన పార్టీ, ఇన్వాయిస్ సంఖ్య, రెండూ కలిపితేనే చిరునామా అవుతుంది. మేము మొదటిది మరచిపోయి ఒక కొనుగోలుదారుడికి వేరొకరి ఇన్వాయిస్ చూపించాము. ఆయన పెద్ద మనసుతో అది కూడా చెల్లించబోయాడు.

బొంగరం

అలాంటి కొనుగోలుదారులు దొరికితే బగ్ సరిచేయకూడదు.

వంతెన

నాకు అసలు ఇదంతా వింతగా ఉంది. ఈథీరియమ్ అనే బహిరంగ బ్లాక్‌చెయిన్‌లో కాంట్రాక్టు అంటే ఒక చిరునామాలో కూర్చున్న ప్రోగ్రాము. ఏళ్ళ తరబడి అదే చిరునామా. లోపల నిల్వ ఉన్న విలువలు మారతాయి కానీ కాంట్రాక్టు కదలదు. ఎక్స్‌ప్లోరర్‌లో (బ్లాక్‌చెయిన్‌ను వెతికి చూపే సైటులో) లింకు పంపితే పదేళ్ళ తరవాత కూడా తెరుచుకుంటుంది. మీరందరూ కాంట్రాక్టు పుట్టడం, చావడం గురించి ఎందుకు మాట్లాడుతున్నారు?

గుమస్తా_గిరి

మాట ఒకటే, వస్తువులు రెండు. మీరు కాంట్రాక్టు అంటున్నదానికి డామెల్‌లో దగ్గరగా ఉండేది టెంప్లేటు. మేము కాంట్రాక్టు అంటున్నది మీ దగ్గర నిల్వలో ఒక వరుస లాంటిది, బిట్‌కాయిన్ తెలిసినవారికి అయితే ఖర్చు కాని ఔట్‌పుట్ లాంటిది. ఒకసారి వాడితే అయిపోతుంది, దాని స్థానంలో కొత్తది వస్తుంది.

వంతెన

ఖర్చు కాని ఔట్‌పుట్ అనగానే అర్థమైంది. అయితే మీ బాధలు వేరు, మా బాధలు వేరు. మాకు అందరికీ అంతా కనిపిస్తుంది, కానీ కనిపించేది అర్థం కాదు. లావాదేవీలో వచ్చే డేటాలో మొదటి నాలుగు బైట్లు ఏ ఫంక్షనో చెప్పే గుర్తు, మిగిలింది ముద్ద. ఏబీఐ (ఫంక్షన్ల వివరాల జాబితా) దొరికితేనే విడదీయగలం. దొరికినా ముందు ప్రాక్సీ (పిలుపును ముందుకు పంపే మధ్యవర్తి కాంట్రాక్టు) ఏబీఐ దొరుకుతుంది, అసలు కోడ్ వేరే చిరునామాలో ఉంటుంది. పైగా తాజా బ్లాకు (లావాదేవీల కట్ట) రద్దై వెనక్కి పోవచ్చు. పన్నెండు సెకన్ల స్లాట్లు 32 కలిస్తే ఒక ఎపాక్, రెండు ఎపాక్‌లు గడిచి అది ఖరారయ్యేదాకా దాదాపు 13 నిమిషాలు. అంతవరకు తెర మీద "ఖరారు కాలేదు" అని గుర్తు పెట్టాలి. అది పెట్టకుండా నేను ఒకసారి ఆకుపచ్చ టిక్కు చూపించి మాట పడ్డాను.

రాత్రిపాళీ

అసలు ప్రశ్నకు వద్దాం. ఇరవై సెకన్ల తెల్ల తెర.

పేజీ తెరిచిన ప్రతిసారీ లెడ్జర్‌ను అడగడమే తప్పు. లెడ్జర్ ఏపీఐ మీ పట్టిక కోసం కట్టింది కాదు. "గడువు ప్రకారం అమర్చి, మూడో పేజీ, యాభై వరుసలు ఇవ్వు" అనే ప్రశ్న దానికి అర్థం కాదు. దానికి తెలిసినవి రెండే: ఫలానా ఆఫ్‌సెట్ (లెడ్జర్ మార్పుల వరుసలో ఒక స్థానం) దగ్గర బతికి ఉన్న కాంట్రాక్టుల సమితి ఇవ్వడం, ఫలానా ఆఫ్‌సెట్ నుంచి జరిగిన మార్పులను వరుసగా పంపడం. ఈ రెండింటినీ కలిపి మీ దగ్గర ఒక డేటాబేస్ నింపుకోవాలి. అమరిక, వెతుకులాట, పేజీలు అన్నీ ఆ డేటాబేస్ పని.

లెడ్జర్ డేటాను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి నింపిపెట్టే పీక్యూఎస్ అనే సేవ ఇప్పటికే ఉంది. నడుస్తూ ఉన్నంతసేపు లెడ్జర్ నుంచి వచ్చేవన్నీ పట్టికల్లోకి చేరుస్తుంది. యాక్టివ్, క్రియేట్స్, ఆర్కైవ్స్, ఎక్సర్‌సైజెస్ అనే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు ఇస్తుంది. కాంట్రాక్టు లోపలి వివరాలు జేసన్‌బీ (పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌ను దాచే రకం) విలువలుగా వస్తాయి, మీకు కావలసిన ఫీల్డు మీద ఇండెక్స్ వేసుకోవచ్చు. మీ నలభై వేలు దానికి లెక్కే కాదు.

గుమస్తా_గిరి

ఒక పట్టిక కోసం ఇంకొక సేవ, దానికొక డేటాబేస్, దాని పర్యవేక్షణ. ఆయన దగ్గర ఉన్నవి మూడు టెంప్లేట్లు. లెడ్జర్ పంపే మార్పుల స్ట్రీమ్ చదివి నింపే కోడ్ నేనే రాసుకున్నాను, మూడు వందల వరుసలు కూడా లేదు.

రాత్రిపాళీ

ఆ మూడు వందల వరుసల్లో అతుకు దగ్గర ఏం చేశారో చెప్పండి.

చిట్టాపద్దు

అతుకు అంటే?

రాత్రిపాళీ

బతికి ఉన్న కాంట్రాక్టుల సమితి తెచ్చుకోవడానికి పది సెకన్లు పట్టిందనుకుందాం. అది అయిపోయాక "ఇప్పటి నుంచి మార్పులు పంపు" అని అడిగితే ఆ పది సెకన్లలో జరిగినవి మీకు ఎప్పటికీ రావు. ఆ సమయంలో పుట్టిన కాంట్రాక్టు మీ తెర మీద ఉండదు. ఆ సమయంలో ఆర్కైవ్ అయినది బతికి ఉన్నట్టే కనిపిస్తుంది. సమితి ఏ ఆఫ్‌సెట్ దగ్గరిదో, మార్పులు సరిగ్గా ఆ ఆఫ్‌సెట్ నుంచే అడగాలి. చెబితే ఇంత సులువు. నేను చూసిన సొంత కోడ్‌లలో సగానికి పైగా "ఇప్పటి నుంచి" అనే అడుగుతాయి. పరీక్షలప్పుడు ఎవరూ ఏమీ మార్చరు కాబట్టి బయటపడదు.

గుమస్తా_గిరి

నాది సరైన ఆఫ్‌సెట్ నుంచే అడుగుతుంది. ఇప్పుడు.

బొంగరం

ఆ "ఇప్పుడు" అనే మాట వెనుక ఒక రాత్రి నిద్ర పోయి ఉంటుంది.

గుమస్తా_గిరి

మూడు రాత్రులు. ఒప్పుకుంటున్నాను. దానితో పాటు ఇంకొకటి: మార్పులను, చివరి ఆఫ్‌సెట్‌ను ఒకే డేటాబేస్ లావాదేవీలో రాయాలి. ముందు మార్పులు, తరవాత ఆఫ్‌సెట్ అని విడివిడిగా రాశాను. మధ్యలో సర్వర్ ఆగి లేస్తే అవే మార్పులు రెండోసారి వచ్చి వరుసలు జంటలయ్యాయి. కాంట్రాక్టు ఐడీని ప్రైమరీ కీగా పెట్టి ఉంటే అదీ జరిగేది కాదు.

చిట్టాపద్దు గారూ, మీరు పీక్యూఎస్ వాడినా నాలాగా సొంతంగా రాసుకున్నా ఫర్వాలేదు. బ్రౌజరులో మాత్రం నలభై వేలు పోయకండి.

పాతకాపు

లెడ్జర్ కాంట్రాక్టులను చూపించే నావిగేటర్ అనే సాధనం ఉన్న రోజులు గుర్తొస్తున్నాయి. డామెల్ ఎస్‌డీకేతో (ప్రోగ్రామర్ల సాధనాల పెట్టెతో) పాటు వచ్చేది. ప్రాజెక్టు మొదలుపెట్టగానే 7500 పోర్టులో తెరుచుకునేది. టెంప్లేట్లలోని రకాలను చదివి ఫారాలు దానంతట అదే గీసుకునేది. రికార్డు, వేరియంట్, లిస్టు, ఆప్షనల్, ఏదైనా సరే. నేను ఒక్క వరుస తెర కోడ్ రాయకుండా నెల రోజులు డెమోలు నడిపాను. తరవాత దాన్ని పక్కన పెట్టేశారు. అప్పటి నుంచి ప్రతి జట్టూ సొంత నావిగేటర్ కట్టుకుంటోంది, ప్రతి జట్టూ అవే తప్పులు చేస్తోంది.

తెరవెనుక

నావిగేటర్ మీద నాకూ అభిమానమే, కానీ అది కట్టినవాళ్ళ సాధనం, వాడేవాళ్ళది కాదు. చిట్టాపద్దు గారి అసలు సమస్య అక్కడే ఉందని నా అనుమానం. లెక్కలు చూసే ఉద్యోగికి "కాంట్రాక్టులు" అనే పట్టిక ఎందుకు? "ఆర్కైవ్" అనే బటన్ ఎందుకు? ఆమెకు కావలసింది "ఈరోజు నేను ఆమోదించాల్సినవి ఏవి". టెంప్లేటు పేరు, ప్యాకేజీ హ్యాష్ (కోడ్ కట్టకు ఉండే గుర్తు), ఐడీ, ఇవన్నీ తెర మీద పెడితే మన ప్లంబింగ్ తీసుకెళ్ళి వాళ్ళ ముందు గదిలో పెట్టినట్టు.

పాతకాపు

నేను ఒప్పుకోను. ఏదో తేడా వచ్చిన రోజు సహాయక సిబ్బందికి ఆ ప్లంబింగే కావాలి. అందంగా దాచేసిన తెర ముందు కూర్చుని "లెడ్జర్‌లో నిజంగా ఏముంది" అని అడిగితే చెప్పేవారు ఎవరూ ఉండరు.

తెరవెనుక

అయితే రెండు తెరలు కట్టండి. ఒకదాన్నే ఇద్దరికీ చూపించబట్టే ఇద్దరూ తిడుతున్నారు.

తాళంచెవి

ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. చిట్టాపద్దు గారూ, జేసన్ ఏపీఐని ఏ టోకెన్‌తో (ఎవరికి ఏ హక్కులున్నాయో చెప్పే ప్రవేశ పత్రంతో) అడుగుతున్నారు? లోపలికి వచ్చిన ఒక్కొక్కరికీ వేరువేరు టోకెనా, లేక సర్వర్‌కు ఒకటేనా?

చిట్టాపద్దు

సర్వర్‌కు ఒకటే. అన్ని పార్టీలకూ చదివే హక్కు ఉన్న టోకెన్. లోపలికి వచ్చినది ఏ పార్టీయో చూసి రియాక్ట్‌లో ఫిల్టర్ చేస్తున్నాను.

తాళంచెవి

ఆ ఫిల్టర్ బ్రౌజరులో జరుగుతోంది. అంటే వడపోయకముందు అందరి ఇన్వాయిస్‌లూ అందరి బ్రౌజర్లకూ చేరుతున్నాయి. మీ కొనుగోలుదారుల్లో ఎవరైనా డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ నొక్కితే పక్కవాడికి మీరు ఎంత ధర ఇచ్చారో కనిపిస్తుంది.

బొంగరం

ఇరవై సెకన్ల తెల్ల తెర ఎందుకో కూడా తెలిసిపోయింది. ఊరందరి చిట్టా దిగుమతి అవుతోంది.

చిట్టాపద్దు

ఇప్పుడే తెరిచి చూశాను. నిజమే. కాళ్ళు చల్లబడ్డాయి. అప్లికేషన్‌ను తాత్కాలికంగా ఆపమని చెప్పి వస్తాను.

తాళంచెవి

మంచి పని చేశారు. వచ్చాక చదువుకోండి.

ఈ రకం లెడ్జర్‌ను ఎంచుకోవడానికి ఉన్న ముఖ్య కారణమే గోప్యత. ఒక కాంట్రాక్టును దాని సంతకందారులు, పరిశీలకులు మాత్రమే చూడాలి. డామెల్ కాంట్రాక్టులను నడిపే కాంటన్ వ్యవస్థలో అయితే సంబంధం లేని పార్టీ నోడ్‌కు (లెడ్జర్ నడిపే సర్వర్‌కు) ఆ డేటా అసలు చేరనే చేరదు. లెడ్జర్ అంత కష్టపడి కట్టిన గోడకు మనం ఒక్క టోకెన్‌తో తలుపు తీసి, ఆ తలుపుకు బ్రౌజరులో కర్టెన్ కట్టాము. నేనేదో నీతులు చెప్పడం లేదు. నేనూ ఇదే చేశాను. వేరే ఉద్యోగంలో, వేరే అప్లికేషన్‌లో. మా విషయంలో కనిపెట్టినది ఒక అవతలి పార్టీ. మర్యాదగా తెరచిత్రం పంపి "ఇది మేము చూడవలసిందేనా" అని అడిగారు. ఆ మర్యాద తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

సరైన దారి: ఒక్కొక్కరికీ వారి పార్టీకి మాత్రమే చదివే హక్కున్న టోకెన్. లెడ్జర్‌నే వడపోయనివ్వండి.

రాత్రిపాళీ

అది లెడ్జర్‌ను నేరుగా అడిగినప్పటి మాట. మధ్యలో డేటాబేస్ పెట్టాక లెడ్జర్ వడపోత పనిచేయదు కదా. పీక్యూఎస్‌ను పెద్ద హక్కులతోనే నింపుతాం. అక్కడ వడపోత మన సర్వర్ బాధ్యత. ప్రతి ప్రశ్నలోనూ సంతకందారుల్లో, పరిశీలకుల్లో ఈ పార్టీ ఉందా అనే షరతు ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో వరుస స్థాయి భద్రతా నియమాలు పెట్టుకుంటే ఒక ప్రోగ్రామరు ఆ షరతు మరచిపోయినా గోడ నిలబడుతుంది.

తాళంచెవి

ఔను, అది ఒప్పుకుంటాను. షరతు మరచిపోతారా అన్న సందేహం అక్కర్లేదు, మరచిపోతారు. అందుకే నియమం డేటాబేస్‌లో ఉండాలి. గుమస్తా_గిరి గారి మూడు వందల వరుసల్లో అది ఉందా?

గుమస్తా_గిరి

మా నోడ్ మీద ఉన్నది ఒకటే పార్టీ. కాబట్టి లేదు. రెండో పార్టీ వచ్చిన రోజు ఈ చర్చ ముద్రించి గోడకు అంటించుకుంటాను.

వంతెన

మొదట మీ లెడ్జర్ మూసుకుని కూర్చుంటుందని నవ్వుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, మా దగ్గర అంతా బట్టబయలు కాబట్టి ఈ తప్పు చేయడానికి అవకాశమే లేదు!

ఆరో_అంకె

నా పేరుకు తగ్గ విషయం ఒకటి. మొత్తాలను తెర మీద ఎలా చూపిస్తున్నారు? జేసన్ ఏపీఐ డెసిమల్ విలువలను కొటేషన్ల మధ్య, అక్షరాల రూపంలో పంపుతుంది. చూసిన ప్రతివారూ చేసే మొదటి పని దాన్ని జావాస్క్రిప్ట్ సంఖ్యగా మార్చడం. అలా పంపడానికి కారణం ఉంది. డామెల్ డెసిమల్‌లో చుక్కకు ముందు 28, తరవాత 10 అంకెలు పడతాయి. జావాస్క్రిప్ట్ సంఖ్య 9007199254740991 దాటాక పూర్ణాంకాలనే సరిగా లెక్కపెట్టలేదు. 9007199254740993 అని ఇచ్చి చూడండి, చివర 2 వస్తుంది. ఎవరి ఇన్వాయిస్ అంత ఉంటుంది అనకండి, చుక్క తరవాతి అంకెలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

చిట్టాపద్దు

(అప్లికేషన్ ఆపించి వచ్చాను. పైవాళ్ళు విన్నంతసేపు మౌనంగా విన్నారు, తరవాత మౌనంగా లేరు.)

మొత్తాల విషయంలో నేను మార్చలేదు, అక్షరాలుగానే చూపిస్తున్నాను. కానీ మొత్తం ప్రకారం అమర్చితే 9 వచ్చి 10 తరవాత కూర్చుంటోందని ఒకరు అన్నారు. ఇదేనా కారణం?

ఆరో_అంకె

అదే. అక్షరాల అమరికలో 1 ముందు వస్తుంది కాబట్టి 10, 100, 9 అనే వరుస వస్తుంది. డేటాబేస్‌కు వెళ్ళాక న్యూమరిక్ రకంలోకి మార్చి అమర్చండి. బ్రౌజరులో కూడికలు తప్పకపోతే దశాంశాలకు వేరే లైబ్రరీలు ఉన్నాయి. తేదీల దగ్గర కూడా ఇలాంటిదే ఉంది: లెడ్జర్ కాలం మైక్రోసెకన్లలో ఉంటుంది, జావాస్క్రిప్ట్ తేదీ మిల్లీసెకన్ల దగ్గర ఆగిపోతుంది. రెండు ఘటనలు ఒకే మిల్లీసెకనులో పడితే ఏది ముందో తెలియదు. చరిత్రను కాలంతో అమర్చవద్దు, ఆఫ్‌సెట్‌తో అమర్చండి.

పాతకాపు

చరిత్ర అన్నారు కాబట్టి. ఒక ఇన్వాయిస్ ప్రయాణమంతా చూపించాలంటే మార్పుల స్ట్రీమ్ ఏ ఆకారంలో తీసుకుంటున్నారో చూసుకోండి. పాత వెర్షన్లలో ఫ్లాట్ లావాదేవీలు, ట్రీ లావాదేవీలు అని రెండు ఉండేవి. కొత్తవాటిలో ఏసీఎస్ డెల్టా, లెడ్జర్ ఎఫెక్ట్స్ అంటున్నారు. మొదటి రకంలో పుట్టినవి, ఆర్కైవ్ అయినవి మాత్రమే వస్తాయి. ఏ చాయిస్ వల్ల, ఎవరు నడిపితే అన్నది ఉండదు. ఒకే లావాదేవీలో పుట్టి అందులోనే పోయిన కాంట్రాక్టు జాడ కూడా ఉండదు. మా దగ్గర తాత్కాలిక ఆమోదం అనే కాంట్రాక్టు అలాగే పుట్టి పోయేది. ఆడిటర్ వచ్చి "ఆమోదం ఎక్కడ" అని అడిగితే మా తెర దగ్గర జవాబు లేదు. లెడ్జర్‌లో ఉంది, మేము అడగలేదు.

గుమస్తా_గిరి

అలా రెండో ఆకారంలో తీసుకుంటే పాత ఐడీ నుంచి కొత్త ఐడీకి దారి కూడా దొరుకుతుంది. చాయిస్ ఘటన కింద అది పుట్టించినవి పిల్లల్లా ఉంటాయి. అదే టెంప్లేటు, అదే ఇన్వాయిస్ సంఖ్య ఉన్న పిల్ల వారసుడు. చిట్టాపద్దు గారూ, ఇప్పటికే బయట తిరుగుతున్న పాత లింకులను ఇలా కాపాడవచ్చు. పాత ఐడీ వస్తే "ఇది మారింది, తాజాది ఇక్కడ" అని చూపండి. "లేదు" అనకండి.

ఆరో_అంకె

ఇన్వాయిస్‌ను రెండుగా విడగొట్టే చాయిస్ ఉంటే? వారసులు ఇద్దరు.

గుమస్తా_గిరి

ఇద్దరినీ చూపండి. వరుస అన్నాను కానీ నిజానికి అది చెట్టు.

తెరవెనుక

ఇంకో విషయం, నాన్‌కన్స్యూమింగ్ అని రాసిన చాయిస్‌లు పాతదాన్ని ఆర్కైవ్ చేయవు. వాటి తరవాత కూడా "మారింది" అని చూపించి మా పరీక్షకులను తికమక పెట్టాము. చాయిస్ ఘటనలో అది కన్స్యూమింగా కాదా అనే గుర్తు ఉంటుంది, దాన్ని చూడండి.

రాత్రిపాళీ

పాతకాపు గారు చెప్పిన చరిత్రకు ఒక గడువు ఉందని కూడా గుర్తుంచుకోండి. నోడ్‌లో పాత చరిత్రను ప్రూనింగ్ చేసి తీసేస్తుంటారు. తీసేసిన భాగం నుంచి మార్పులు అడిగితే లెడ్జర్ తప్పు చూపిస్తుంది. చరిత్ర పేజీ కావాలంటే ప్రూనింగ్ మొదలవకముందే మీ డేటాబేస్‌లోకి తెచ్చుకుని ఉండాలి. మా దగ్గర ఎవరో ఉత్సాహంగా డిస్కు ఖాళీ చేయించారు, ఆ మరునాడే నేను డేటాబేస్‌ను మొదటి నుంచి నింపుదామనుకున్నాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది.

చిట్టాపద్దు

మీరంతా చెప్పింది రాసుకుంటున్నాను. మరో చిన్న ప్రశ్న. "ఆమోదించు" బటన్‌ను ఇద్దరు ఒకేసారి నొక్కితే రెండో వ్యక్తికి కాంట్రాక్టు దొరకలేదనే తప్పు వస్తోంది. అది ఎర్ర పెట్టెలో ఇంగ్లిషులో పేజీ నిండా వస్తుంది. వాళ్ళు భయపడుతున్నారు.

తెరవెనుక

అది తప్పు కాదు, మీ కన్నా ముందు ఇంకొకరు ఆ పని చేశారన్న వార్త. ఆ ఒక్క తప్పును విడిగా పట్టుకోండి. పట్టుకుని తాజా కాంట్రాక్టు తెచ్చి "దీన్ని ఫలానావారు ఇప్పుడే ఆమోదించారు" అని చూపండి. ఎర్ర పెట్టె నిజంగా ఏదైనా విరిగినప్పటికి దాచుకోండి.

రాత్రిపాళీ

ఒకరే రెండుసార్లు నొక్కడం వేరే కథ. లెడ్జర్‌కు పంపే ఆదేశానికి ఇచ్చే కమాండ్ ఐడీని ఫారం తెరిచినప్పుడు ఒకసారి తయారుచేసి దాచుకోండి, నొక్కినప్పుడల్లా కొత్తది తయారుచేయవద్దు. ఒకే ఐడీతో రెండోసారి వస్తే లెడ్జర్ దాన్ని జంటగా గుర్తించి ఆపుతుంది. నొక్కినప్పుడల్లా కొత్త ఐడీ పుట్టిస్తే ఆ రక్షణ పోయినట్టే. చెల్లింపు సృష్టించే చాయిస్ నాన్‌కన్స్యూమింగ్ అయితే రెండు చెల్లింపులు పుడతాయి.

తాళంచెవి

పార్టీ పేర్లు ఎలా చూపిస్తున్నారో కూడా చెప్పండి. పూర్తి పార్టీ ఐడీలో ముందు చదవగలిగే పేరు, రెండు కోలన్లు, తరవాత 1220తో మొదలయ్యే పొడుగాటి వేలిముద్ర (క్రిప్టో కీ నుంచి పుట్టిన అక్షరాల గుర్తు) ఉంటాయి. తెరలో చోటు చాలక ముందు పేరు మాత్రమే చూపిస్తే ప్రమాదం. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. వేరే నోడ్ మీద అదే పేరుతో ఇంకొకరు పుట్టవచ్చు, తేడా వేలిముద్రలోనే. మీ సొంత చిరునామా పుస్తకంలో పరిశీలించి పెట్టుకున్న పేరు చూపండి. అందులో లేని పార్టీ అయితే తెలియని పార్టీ అని స్పష్టంగా గుర్తు పెట్టండి.

వంతెన

ఇది మాకూ ఉంది. చిరునామాలో మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూపి మధ్యలో చుక్కలు పెడతాం. ఆ ఎనిమిది అక్షరాలు కలిసేలా దొంగ చిరునామాలు తయారుచేసేవాళ్ళు ఉన్నారు. నకలు చేసే బటన్ ఇవ్వండి, కళ్ళను నమ్మవద్దు.

బొంగరం

నేను చుక్కల్లో ఏముందో ఒకసారి చదివాను. ఆసక్తికరంగా ఏమీ లేదు.

చిట్టాపద్దు

మూడు వారాల తరవాత వస్తున్నాను. ఆగినవాళ్ళ కోసం ఏం జరిగిందో చెబుతాను.

ముందు టోకెన్లు సరిచేశాము. సర్వర్ టోకెన్ తీసేసి ఒక్కొక్కరికీ వారి పార్టీ హక్కులే ఇచ్చాము. విచిత్రం ఏమిటంటే అది చేసిన రోజే ఇరవై సెకన్లు నాలుగుకు పడిపోయింది. బొంగరం గారి జోక్ నిజమైంది. తరవాత పీక్యూఎస్ పెట్టాము, వరుస స్థాయి నియమాలతో. మొదట ఆ నియమాలు అసలు పనిచేయలేదు, ఎందుకంటే పట్టికల యజమాని ఖాతాతోనే సర్వర్ అడుగుతోంది, యజమానికి ఆ నియమాలు మామూలుగా వర్తించవు. వేరే ఖాతా పెట్టాక కుదిరింది. పరీక్ష రాసి ఉండకపోతే ఇది తెలిసేది కాదు. ఇప్పుడు పట్టిక అర సెకను లోపే వస్తోంది.

లింకులు జారీదారు, ఇన్వాయిస్ సంఖ్యలతో మారాయి. పాత ఐడీలకు వారసుణ్ణి చూపే పేజీ కూడా పెట్టాము. "డేటా పోయింది" అనే ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ స్థానంలో కొత్తది మొదలైంది: నిన్న టెంప్లేటు కొత్త వెర్షన్ పెట్టాము, అప్పటి నుంచి ఫిల్టర్ జాబితాలో "ఇన్వాయిస్" రెండుసార్లు కనిపిస్తోంది. రెండూ ఒకలాగే ఉన్నాయి.

గుమస్తా_గిరి

టెంప్లేటును ప్యాకేజీ హ్యాష్‌తో గుర్తిస్తున్నారు. కొత్త వెర్షన్ అంటే కొత్త హ్యాష్. ప్యాకేజీ పేరుతో గుర్తించండి, రెండూ ఒకటవుతాయి. పాతవాటిలో లేని కొత్త ఫీల్డు ఖాళీగా వస్తుంది, దానికి తెర సిద్ధంగా ఉందో లేదో చూసుకోండి.

చిట్టాపద్దు

సిద్ధంగా లేదు. ఇప్పుడే తెర మొత్తం తెల్లబడింది.

బొంగరం

ఈసారి ఎన్ని సెకన్లు?